మెషిన్ ఒకటే, రోగాలు నాలుగు: అనంతపురంలో ఒక లేజర్ ప్రింటర్ కేసు

ప్రింటర్ల రిపేరు పనిలో పద్నాలుగేళ్లు అయింది. డైరీలో కేసులు చాలా ఉన్నాయి. దీన్ని మాత్రం పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే మొదటిసారి వెళ్లినప్పుడు నేను తప్పు చేశాను. ఆ తప్పు ఈ పనిలో ఉన్నవాళ్లందరం రోజూ చేసేదే అని నా అనుమానం.

షాపు, అందులో కాగితాలు

అనంతపురంలో ఆఫీసులున్న ఒక వీధిలో చిన్న జిరాక్స్ షాపు. ఎవరిది, ఎక్కడ అన్నది వదిలేస్తున్నాను. రెండు కాపియర్లు, ఒక కలర్ ఇంక్‌జెట్, ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ ఉన్నాయి. కాపియర్లను వేరేవాళ్లు చూసుకుంటారు. నా చేతికి వచ్చింది లేజర్. చూడటానికి చిన్నదే గానీ షాపులో చేయని పని లేదు దానికి. పొద్దున 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, కాగితం మందాన్ని చెప్పే లెక్క) ఏ4 మీద దరఖాస్తులు, రసీదులు. పదకొండు దాటితే దస్తావేజులు రాసేవాళ్లు పంపే స్టాంపు పేపర్లు, వాటి వెంట పచ్చ లెడ్జర్ పేపర్లు. మధ్యాహ్నం గానుగ నూనె పట్టేవాళ్లకు సీసాల మీద అంటించే స్టిక్కర్లు. స్కూళ్లు మూసే రోజుల్లో మందపాటి కార్డు మీద సర్టిఫికెట్లు. ఇవన్నీ ఒకే మెషిన్‌లో, ఒకే ట్రేలో, ఒకే సెట్టింగులో నడుస్తున్నాయి.

ఏమైంది

ఏప్రిల్ ఆఖరులో ఫోన్ వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు ఒక గిరాకీ స్టాంపు పేపరు పట్టుకుని షాపు మీదికి వచ్చాడట. నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్న దస్తావేజు. విప్పి చూస్తే మడత మీద పడిన చోట సర్వే నంబరులో ఒక అంకె లేదు. ప్రింటు పొడి (టోనర్) ఊడిపోయి తెల్లగా గీత మిగిలింది. "అంకె పోతే నా సేను పోయినట్టే గదా" అని అతను గొడవ. అతని బాధ న్యాయమే.

నేను వెళ్లేసరికి షాపాయన నాలుగు ఫిర్యాదులు లెక్కపెట్టి చెప్పాడు. స్టాంపు పేపరు మీద గోటితో గీకితే అక్షరాలు రాలిపోతున్నాయి. మామూలు ఏ4 మీద రాలవు గానీ అక్షరాలు అక్కడక్కడ పలచబడి, నల్లటి హెడ్డింగులు మచ్చలు మచ్చలుగా వస్తున్నాయి, కాగితం పైకి చుట్టుకుంటోంది. స్టిక్కర్లు వేశాక వచ్చే పేజీల్లో మరకలు. సర్టిఫికెట్ కార్డు సగం ఇరుక్కుంటోంది, సగం ఊడుతోంది.

"ఏమప్పా, మెషినొకటే, రోగాలు నాలుగు. మూడుసార్లు పొడి మార్పిచ్చినా. డ్రమ్ము ఏపిచ్చినా. అక్షరాలు లేతగా వస్తాండాయని డెన్సిటీ ఫుల్లుగా పెట్టినా. ఏం చేసినా అట్లే వస్తాంది."

మాటల మధ్యలో ఇంకో మాట కూడా అన్నాడు: "రెండో పక్క కొడితే మాత్రం బాగొస్తాంది." ఆ రోజు ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి పోలేదు.

మొదటిసారి చేసింది, ఎందుకు చేశానంటే

నాలుగు ఫిర్యాదుల్లో రెండు పొడి అంటుకోకపోవడం గురించే. పొడిని కరిగించి కాగితంలోకి నొక్కేది ఫ్యూజర్, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో. మూడో ఫిర్యాదు, స్టిక్కర్ తర్వాతి మరకలు. స్కేలు పెట్టి చూస్తే మరకకూ మరకకూ మధ్య 56 మిల్లీమీటర్ల చిల్లర. ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే మరక ఏదో ఒక రోలర్ చుట్టుకొలత అయి ఉంటుంది. ఆ మెషిన్ ఫ్యూజర్‌లో తిరిగే ఫిల్మ్ వ్యాసం 18 మిల్లీమీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే 56.5. అదే డ్రమ్ము (పొడిని అక్షరాల ఆకారంలో పట్టి కాగితానికి అందించే గొట్టం) అయితే 24 మిల్లీమీటర్ల వ్యాసానికి 75 దగ్గర రావాలి. కాబట్టి దొంగ ఫ్యూజర్‌లోనే ఉన్నాడనుకున్నాను.

విప్పితే నిజంగానే ఫిల్మ్ మీద జిగురు ముద్దలు, పక్కన చిన్న చిరుగు. ఫిల్మ్ మార్చాను, ప్రెషర్ రోలర్ మార్చాను, గ్రీసు వేశాను. నా బ్యాగులోంచి కాగితాలు తీసి పది పేజీలు కొట్టాను. అద్దంలా వచ్చాయి. మరకల్లేవు, మచ్చల్లేవు, చుట్టుకోలేదు. డబ్బులు తీసుకుని వచ్చేశాను.

నా బ్యాగులోంచి అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నేను ఎప్పుడూ ఒక అర రీము కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాను. టెస్టు పేజీలకు గిరాకీ కాగితం వాడటం బాగుండదని అలవాటు చేసుకున్న మర్యాద అది. ఆ మర్యాదే కొంప ముంచింది. రోగం వచ్చిన కాగితం మీద కాకుండా ఆరోగ్యంగా ఉన్న కాగితం మీద పరీక్ష చేసి మెషిన్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాను.

మర్నాడు పదింటికి ఫోన్. "అప్పా, నువ్వు పోయినాంక మా రీము ఏసినాము. మళ్లీ అదే కత."

రెండోసారి: మెషిన్ ముట్టుకోకుండా ఒక గంట

ఈసారి స్క్రూడ్రైవర్ బయటికి తీయలేదు. పాడైన కాగితాలన్నీ చెత్తబుట్టలోంచి తీయించి, రకాలవారీగా నేల మీద పరిచాను. మామూలు ఏ4 ఒక వరస, స్టాంపు ఒక వరస, పచ్చవి ఒక వరస, కార్డు ఒక వరస. స్టిక్కర్ల తర్వాతి మరకలు ఒక్కటే పోయాయి. మిగతా మూడూ కదల్లేదు. ఫిల్మ్ మార్చడం తప్పు కాదు, అది నాలుగింటిలో ఒక రోగానికే మందు. ఒకటి తగ్గడం చూసి అన్నీ తగ్గాయనుకున్నాను.

పరిచి చూస్తే ఇంకొకటి కనిపించింది. స్టాంపు పేపరు మీద అక్షరం నిండుగా, నల్లగా ఉంది, కాకపోతే రాలుతోంది. ఏ4 మీద అక్షరం గట్టిగా అంటుకుని ఉంది, కాకపోతే నిండుగా లేదు. నిన్న రెండింటినీ ఒకే గాట కట్టాను. ఇవి ఒకదానికొకటి పోలిక లేని జబ్బులు.

దీన్ని తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. ప్రింటు ఇచ్చి, కాగితం సగం దూరం పోయాక తలుపు తెరిచేయాలి. కాగితం ముందు భాగం ఫ్యూజర్‌లోకి వెళ్లి ఉంటుంది, వెనక భాగం డ్రమ్ము దగ్గర ఆగి ఉంటుంది. ఫ్యూజర్‌కు చేరని భాగాన్ని చూస్తే బొమ్మ ఎక్కడ చెడిందో తెలిసిపోతుంది. ఊదితే ఎగిరిపోయే పచ్చి పొడి అది, మెల్లగా బయటికి లాగాలి.

షాపు ఏ4తో చేశాను. ఫ్యూజర్ చేరకముందే మచ్చలున్నాయి. కార్ట్రిడ్జ్ తీసి డ్రమ్ము చూస్తే, కాగితం దాటిపోయిన చోట కూడా అక్షరాల ఆకారంలో పొడి మిగిలే ఉంది. అంటే డ్రమ్ము మీదికి పొడి సరిగ్గానే వచ్చింది, కాగితం దాన్ని పూర్తిగా తీసుకోలేదు. తర్వాత, స్టాంపు పేపరు ఖర్చు చేయలేం కాబట్టి, దానంత మందం ఉన్న గరుకు బాండ్ పేపరుతో చేశాను. ఫ్యూజర్ ముందు పొడి చక్కగా, నిండుగా ఉంది. అంటే అక్కడ లోపం వేడి దగ్గర. ఒకటి పొడి ఎక్కకపోవడం, ఇంకొకటి ఎక్కిన పొడి కరగకపోవడం.

ఏ4 మచ్చలు: కూలర్

పొడి కాగితం మీదికి ఎందుకు రాదు? ఈ రకం మెషిన్లలో పొడికి నెగటివ్ చార్జి ఉంటుంది. కాగితం వెనక నుంచి ట్రాన్స్‌ఫర్ రోలర్ పాజిటివ్ చార్జి ఇచ్చి పొడిని లాక్కుంటుంది. ఆ చార్జి కాగితం మీద నిలబడాలి. కాగితంలో తేమ ఉంటే చార్జి నిలవదు, పక్కకు పాకి జారిపోతుంది. తేమ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కాబట్టి మచ్చలు కూడా అట్లాగే వస్తాయి. అదే కాగితం ఫ్యూజర్‌లోకి పోతే నీళ్లు ఆవిరై చుట్టుకుంటుంది. తడి కాగితమైతే షాపాయన చెప్పిన రెండు లక్షణాలూ సరిపోతాయి.

కానీ అనంతపురంలో, మే నెల మొదట్లో, తేమా? ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊరు. పెదవులు పగిలే గాలి. నాకే నవ్వొచ్చింది. అందుకే నమ్మకుండా పరీక్ష పెట్టాను. షాపు రీములోంచి రెండు కాగితాలు తీశాను. ఒకదాని మీద నేరుగా ప్రింటు కొట్టాను, మచ్చలు. రెండోదాన్ని ముందు ఖాళీ పేజీగా ఒకసారి మెషిన్‌లో తోలి, వేడివేడిగా బయటికి రాగానే మళ్లీ ట్రేలో పెట్టి అదే పేజీ కొట్టాను. హెడ్డింగు నల్లగా, నిండుగా వచ్చింది. ఫ్యూజర్ దాన్ని ఇస్త్రీ పెట్టినట్టు ఆరబెట్టింది, అంతే. అప్పుడు గుర్తొచ్చింది "రెండో పక్క బాగొస్తాంది" అన్న మాట. మొదటి పక్క కొట్టేటప్పటికే కాగితం ఆరిపోతుంది మరి. ఆయన రోగనిర్ధారణ చేసి నా చేతిలో పెట్టాడు, నేను జేబులో వేసుకుని వెళ్లిపోయాను.

తల తిప్పి చూస్తే కూలర్. గోడ వార పెద్ద ఎయిర్ కూలర్, నీళ్లు కారే గడ్డి ప్యాడ్లతో. దాని ఎదురుగా మూడడుగుల దూరంలో కాగితాల ర్యాక్, విప్పిన రీములు నోళ్లు తెరుచుకుని. షట్టరు సగం దించి ఉంటుంది, తడిగాలి బయటికి పోదు. చిన్న హైగ్రోమీటర్ నా దగ్గరుంది. ర్యాక్ దగ్గర తేమ 70 శాతం దాటింది. షాపు బయట బల్ల మీద పెడితే 30 లోపే. కూలర్ ఎప్పుడు దించారని అడిగితే, ఏప్రిల్ మూడో వారంలో.

స్టాంపు పేపరు: ఎవరూ చెప్పని ఫార్మాట్

స్టాంపు పేపర్లు ఆ ర్యాక్‌లో ఉండవు, గిరాకీలే తెచ్చుకుంటారు. కాబట్టి కూలర్ మీదికి ఈ నేరం నెట్టలేం. మందం ఎక్కువ, పైగా గరుకు. గరుకు కాగితానికి గుంతలుంటాయి, ఆ గుంతల్లోకి పొడి కరిగి దిగాలంటే ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. అందుకే డ్రైవర్‌లో, అంటే ప్రింటర్‌ను నడిపించడానికి కంప్యూటర్‌లో వేసే సాఫ్ట్‌వేర్‌లో, కాగితం రకం అనే సెట్టింగు ఉంటుంది. హెవీ అనో బాండ్ అనో రఫ్ అనో పెడితే మెషిన్ ఫ్యూజర్ వేడి పెంచుతుంది, అవసరమైతే నడక తగ్గిస్తుంది. తెరిచి చూస్తే ప్లెయిన్‌లో ఉంది.

మరి ఇన్నేళ్లు ఎలా నడిచింది? టైపు చేసే అమ్మాయి అప్పుడు నోరు విప్పింది. "కంప్యూటర్ స్లో అయిందని పోయిన నెలాఖర్లో ఫార్మాట్ కొట్టిచ్చినాం సార్." షాపాయన ఆమె వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. "కంప్యూటర్‌ది గదప్పా, ప్రింటర్‌కు దానికీ ఏం సంబంధమని చెప్పలేదు" అన్నాడు. ఎవరో పాత మెకానిక్ ఎప్పుడో హెవీ అని పెట్టి పోయాడు. కొత్తగా డ్రైవర్ వేయగానే ప్లెయిన్‌కు వచ్చింది. కూలర్ దించింది, ఫార్మాట్ కొట్టింది దాదాపు ఒకే వారం. రెండూ కలిసి ఒకే రోగంలా కనిపించాయి.

ఇక్కడ డెన్సిటీ కూడా పగపట్టింది. అక్షరాలు లేతగా ఉన్నాయని ఆయన పైదాకా పెంచాడు. లేతగా ఉంది తడి కాగితం మీద, డెన్సిటీ పెరిగింది మాత్రం అన్నింటికీ. స్టాంపు పేపరు మీద పొడి పొర ఇంకా మందమైంది, కరగడానికి ఇంకా వేడి కావాలి, ఉన్న వేడి తక్కువ. ఒక కాగితానికి చేసిన వైద్యం ఇంకో కాగితానికి విషం.

ఒక్కొక్కటే మార్చి చూశాను. బాండ్ ముక్కలు కొట్టి, ఒక్కో దాన్ని మడిచి, మడత మీద గోటితో రెండుసార్లు రుద్ది, సెల్లోటేప్ అంటించి లాగడం. ప్లెయిన్, ఫుల్ డెన్సిటీ: టేపుకు అక్షరాలన్నీ వచ్చేశాయి. డెన్సిటీ మధ్యకు దించాక కొంచెం నయం. డెన్సిటీ మధ్యలోనే ఉంచి హెవీ పెడితే టేపు దాదాపు శుభ్రంగా వచ్చింది. రఫ్ పెట్టాక మడత మీద మాత్రం సన్నటి గీత, మిగతా అంతా పట్టుకుంది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే దేనివల్ల బాగైందో నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.

మార్పులు

ర్యాక్‌ను కూలర్‌కు దూరంగా, లోపలి గోడకు మార్పించాను. విప్పిన రీమును దాని సొంత కవర్‌లోనే మళ్లీ మూసి టేపు వేయమన్నాను. చాలామంది చింపి పారేసే ఆ కవర్ లోపలి పూత తేమను ఆపడానికే ఉంటుంది. ట్రేలో ఒకసారికి యాభై కాగితాలు మించొద్దు. రాత్రి మిగిలినవి మళ్లీ కవర్లోకి.

సెట్టింగు సంగతి కష్టమైనది. పనిగంటల్లో ఏ అమ్మాయీ ప్రతి ప్రింటుకూ లోపలికి పోయి కాగితం రకం మార్చదు. మార్చినా తిరిగి వెనక్కి పెట్టదు. పాత మెకానిక్ లాగా అంతటికీ హెవీ పెట్టేయడం తేలిక, కానీ పలచటి కాగితాన్ని అంత వేడిలో రోజంతా తోలితే అదీ చుట్టుకుంటుంది, ఫిల్మ్ కూడా తొందరగా అరుగుతుంది. అందుకని అదే ప్రింటర్‌ను కంప్యూటర్‌లో మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను, మూడు పేర్లతో: మామూలు, స్టాంపు, స్టిక్కర్. ఒక్కోదానికి దాని డిఫాల్ట్ సెట్టింగు. ప్రింటు ఇచ్చేటప్పుడు పేరు ఎంచుకుంటే చాలు. ఈ కేసులో నేను చేసిన పనుల్లో పైసా ఖర్చు లేనిది ఇదే, ఎక్కువ పనికొచ్చిందీ ఇదే.

స్టిక్కర్ల విషయంలో పది రోజులకే మళ్లీ మరకలు వచ్చాయి. వెళ్లి చూస్తే, సగం స్టిక్కర్లు ఒలిచేసిన షీటును దండగ అవుతుందని మళ్లీ ట్రేలో పెడుతున్నారు. ఒలిచిన చోట అంచుల్లో జిగురు బయటపడుతుంది, వేడికి కరిగి ఫిల్మ్‌కు, ప్రెషర్ రోలర్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత ప్రతి పేజీకీ 56 మిల్లీమీటర్లకొకసారి సంతకం పెడుతుంది. మెషిన్ చల్లారాక స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, బ్లేడుతో గీకొద్దని చెప్పాను. పోయినసారి ఫిల్మ్ మీద చిరుగు అలా పడిందే. ఇప్పుడు స్టిక్కర్ షీటు ఒక్కసారే లోపలికి పోతుంది, నూనె సీసాలు పది ఉన్నా షీటు నిండా కొట్టి మిగిలినవి గిరాకీకే ఇచ్చేస్తారు. ఇంకొకటి, ఇంక్‌జెట్ కోసం అమ్మే గ్లాసీ స్టిక్కర్ షీట్లు దగ్గరికి రానీయొద్దన్నాను. వాటి పూత ఫ్యూజర్ వేడికి కరిగిపోతుంది.

కార్డు సంగతి నేను బాగు చేయలేదు. షాపాయన వాడుతున్నది 250 జీఎస్‌ఎం. ఇలాంటి చిన్న లేజర్లలో చాలావాటి హద్దు 163. ఆ మెషిన్‌లో కాగితం వంపు తిరిగి పైకి రావాలి, వెనక నుంచి నేరుగా వదిలే దారి లేదు. అంత మందం వంగదు, కాగితం వేడిని తనే తాగేస్తుంది, పొడికి మిగలదు. ఏదో ఒకటి చేసి నడిపించమని ఆయన బతిమాలాడు. 160 జీఎస్‌ఎం కార్డు చూపించి, నారు (కాగితంలో పీచు పరుచుకున్న దిశ) రోలర్‌కు సమాంతరంగా పడేలా కోయించుకుంటే తేలిగ్గా వంగుతుందని చెప్పాను. నారు ఎటుందో తెలియకపోతే కార్డు ముక్కను రెండు వైపులా చింపి చూడాలి, తిన్నగా చిరిగేది నారు వైపు. అంతకు మించిన మందం కావాలంటే ఆఫ్‌సెట్ వాళ్లకు పంపుకోవాల్సిందే.

మడత గీత సమస్య కూడా పూర్తిగా పోలేదు. ఎంత అంటుకున్నా మడత మీద పదిసార్లు నలిగితే పొడి కొంచెమైనా రాలుతుంది. అందుకు ప్రింటర్‌లో మందు లేదు. టైపు చేసే అమ్మాయే దారి కనిపెట్టింది. స్టాంపు పేపరు మధ్య మడత ఎక్కడ పడుతుందో కొలిచి, సర్వే నంబర్లు, విస్తీర్ణం, డబ్బు అంకెలు ఆ వరసలో పడకుండా పేరాలు పైకీ కిందికీ జరుపుతోంది. అంకెల పక్కన అక్షరాల్లో కూడా రాస్తోంది.

మొదటిసారి తీసుకున్న డబ్బులో కూలీ వెనక్కి ఇచ్చాను. ఫిల్మ్, రోలర్ డబ్బులు ఇవ్వలేదు, అవి మార్చాల్సినవే. టెస్టు పేజీలకు నా బ్యాగులో కాగితం ఇప్పుడూ ఉంది. మొదటి పేజీ మాత్రం షాపువాళ్ల ట్రేలో ఉన్నదాని మీదే కొడుతున్నాను.

సెప్టెంబరు వానల్లో ఆయన ఒకసారి ఫోన్ చేశాడు. "అప్పా, మళ్లీ మచ్చలు. ఖాళీగా ఒకసారి తోలి కొట్టినా, బాగొచ్చింది. కవర్ మూయడం మరిచినట్టున్నారు, నువ్వు రావద్దులే" అని ఆయనే పెట్టేశాడు. కూలర్‌ను షట్టరు దగ్గరికి జరిపించాడు. దాని గాలి ఇప్పుడు వరసలో నిలబడ్డ గిరాకీలకు తగులుతుంది, కౌంటర్ వెనక ఆయన మాత్రం విసనకర్రతో కూర్చుంటాడు.